ఇటుకలో ఏముంది? ఇటుక వెనుక ఎవరున్నారు?

(తిరునిన్రవూరులో యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బొగ్గు గనుల ప్రాంతాల బంకమట్టిలో ఏముంటుంది, దానిలో సహజంగా ఉండే రేడియోధార్మికత ఎంత, ఆ మట్టితో, బొగ్గు బూడిదతో చేసిన ఇటుకలు మనకు హాని చేస్తాయా? ఈ రోజు మన ముందున్న అంశం ఇది. కాలేజీ తరగతిలో చెప్పాల్సిన పాఠాన్ని ఇక్కడికెందుకు తెచ్చారని కొందరికి అనిపించవచ్చు. కానీ ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబానికీ, ఇటుకలు కోసే ప్రతి కూలీకీ, బూడిద చెరువు పక్కన బతికే ప్రతి ఊరికీ ఇది సొంత విషయమే.

బూడిద కలిపిన ఇటుకలతో కట్టిన ఇంట్లో ఉంటే రేడియేషన్ వస్తుందట, క్యాన్సర్ వస్తుందట, నిజమేనా అని చాలామంది అడుగుతున్నారు. భయపడేవారికి భయపడొద్దని చెబితే చాలదు. ఎందుకు భయపడనక్కర్లేదో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో లెక్కతో చెప్పాలి. ఆ లెక్క చూశాక ఇంకో ప్రశ్న మిగులుతుంది. ఇటుకలో ఉన్న అణువుల గురించి ఇంతగా అడుగుతున్న మనం, ఆ ఇటుకను చేసిన మనిషి గురించి ఎంత అడుగుతున్నాం? ఈ రెండు ప్రశ్నల గురించీ మాట్లాడతాను.

మనం ఉన్న చోటు

ముందు మన చుట్టూ చూద్దాం. తిరువళ్ళూరు జిల్లా చెరువుల జిల్లా. కొసస్థలై, ఆరణి, కూవం నదులు వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రుమట్టి ఇక్కడ ఉంది. మన తెలుగుగంగ నీళ్ళు కండలేరు నుంచి వచ్చి చేరేది కూడా ఈ జిల్లాలోని పూండి జలాశయానికే. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు నుంచి వచ్చినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సరిహద్దు మారింది గానీ మట్టి మారలేదు, ఇంట్లో మాట్లాడే భాషా మారలేదు.

ఈ బంకమట్టి వల్లే ఈ జిల్లాలో ఇన్ని ఇటుక బట్టీలు వెలిశాయి. తమిళంలో వీటిని సూళై అంటారు. చెన్నై నగరం పెరిగే కొద్దీ ఇవీ పెరిగాయి. ఇదే జిల్లా తూర్పు కొసన, సముద్రం ఒడ్డున, అత్తిప్పట్టు దగ్గర ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. మనం కూర్చున్న చోటుకి అది 50 కిలోమీటర్ల లోపే. అక్కడ కాలే బొగ్గులో చాలా భాగం ఒడిశా గనుల నుంచి ఓడల మీద ఎన్నూరుకు వస్తుంది. బట్టీల్లో ఇటుకలు కోసే కూలీల్లో ఎందరో అదే ఒడిశా నుంచి రైళ్ళలో వస్తారు. బొగ్గూ మనిషీ ఒకే రాష్ట్రం నుంచి బయలుదేరి ఒకే జిల్లాకు చేరుతున్నారు. బొగ్గు ఎన్ని టన్నులు వచ్చిందో రేవులో లెక్క ఉంటుంది. మనుషుల లెక్క అంత పక్కాగా ఉందా అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

మట్టిలో ఏముంది?

ఇటుకకు పనికొచ్చే మంచి మట్టిలో సుమారు 50 నుంచి 60 శాతం సిలికా, 20 నుంచి 30 శాతం అల్యూమినా ఉంటాయి. 5, 6 శాతం ఇనుప ఆక్సైడు, కొద్దిగా సున్నం, మెగ్నీషియా, పొటాషియం, సోడియం కలిసి ఉంటాయి. సిలికా ఇసుక రూపంలోనూ, బంకమట్టి ఖనిజాల్లోనూ ఉంటుంది. అల్యూమినా వల్ల మట్టి ముద్దగా సాగుతుంది, అచ్చులో నిలుస్తుంది. కాల్చినప్పుడు ఇటుకకు ఎర్రరంగు ఇచ్చేది ఇనుము. సున్నం ఎక్కువైతే, గులకలుగా ఉండిపోతే, ఇటుక తడిసినప్పుడు పగుళ్ళు వస్తాయి. పాతకాలపు మేస్త్రీలు ఇదంతా రసాయనశాస్త్రం చదివి తెలుసుకోలేదు. చేతితో పిసికి, వేళ్ళ మధ్య రుద్ది కనుక్కునేవారు.

బొగ్గు గనుల దగ్గర మట్టి కథ కాస్త వేరు. మన దేశంలోని ముఖ్యమైన బొగ్గు సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ళ కిందటిది. చిత్తడి అడవుల్లో చెట్లు పడిపోయి, వాటి మీదికి వరదలు బురదను తెచ్చి పోస్తూ ఉంటే ఈ పొరలు ఏర్పడ్డాయి. అందుకే మన బొగ్గు పొరల మధ్య బంకమట్టి, షేల్ పొరలు ఉంటాయి. బొగ్గు పొరకు అడుగున ఉండే మట్టి ఒకప్పుడు ఆ చెట్ల వేళ్ళు దిగిన నేల. వేళ్ళూ నీళ్ళూ కలిసి అందులోని పొటాషియంను, సోడియంను చాలావరకు కడిగేశాయి. అలాంటి మట్టి ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. కొలిమి ఇటుకలకు వాడే ఫైర్‌క్లే ఆ రకమే. ఇంకోపక్క, కుళ్ళిన ఆకూ కొమ్మా కలిసిన నల్లటి షేల్ పొరలకు నీటిలో కరిగి వచ్చే యురేనియంను పట్టి ఉంచే గుణం ఉంది. కాబట్టి ఒకే గనిలో ఒక పొర మట్టిలో రేడియోధార్మికత తక్కువగా, పక్క పొరలో ఎక్కువగా ఉండవచ్చు. గని ప్రాంతపు మట్టి అని అంతటినీ ఒకే గాటన కట్టలేం. ఏ పొరకు ఆ పొరను కొలవాల్సిందే.

రేడియోధార్మికత ఎక్కడి నుంచి వచ్చింది?

భూమి పుట్టినప్పటి నుంచీ దానిలో యురేనియం-238, థోరియం-232, పొటాషియం-40 ఉన్నాయి. మట్టిలో, రాతిలో, మనం తినే అన్నంలో, మన ఒంట్లో కూడా వీటి జాడ ఉంది. ఒక సెకనుకు ఒక అణువు విచ్ఛిన్నమైతే దాన్ని ఒక బెకరెల్ అంటారు. మన శరీరంలోని పొటాషియం వల్లే సుమారు 4,000 బెకరెల్‌ల రేడియోధార్మికత మనలో ఎప్పుడూ ఉంటుంది.

ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం 2000 నాటి నివేదికలో ప్రపంచంలోని మామూలు మట్టికి ఒక అంచనా ఇచ్చింది. కిలో మట్టిలో యురేనియం వరుసకు చెందిన రేడియం-226 సుమారు 35 బెకరెల్‌లు, థోరియం 30, పొటాషియం-40 సుమారు 400. సహజ వనరులన్నిటి నుంచీ మనిషికి ఏడాదికి అందే సగటు మోతాదు 2.4 మిల్లీసీవర్ట్‌లు. అందులో సగం వరకు రాడాన్ అనే వాయువు వల్లే. రేడియం విచ్ఛిన్నమైతే రాడాన్ పుడుతుంది. అది గాలి ఆడని గదుల్లో పేరుకుంటుంది.

ఇప్పుడు బూడిద సంగతి. మన బొగ్గులో బూడిద శాతం ఎక్కువ. 100 కిలోల బొగ్గు కాలిస్తే 35 కిలోల బూడిద మిగిలిందనుకోండి. కార్బన్ కాలిపోయింది గానీ యురేనియం, థోరియం చాలావరకు బూడిదలోనే మిగిలాయి. 100 కిలోల్లో ఉన్నది 35 కిలోల్లోకి చేరింది కాబట్టి కిలోకు ఇంచుమించు మూడింతలు అవుతుంది. బూడిదలో రేడియోధార్మికత బొగ్గులో కంటే ఎక్కువ అనే మాట వెనుక ఉన్నది ఈ చిన్న భాగహారమే. బొగ్గు ఎక్కడిది, బూడిద ఎంత అన్నదాన్ని బట్టి అంకెలు మారుతుంటాయి.

బూడిద అణువ్యర్థాల కంటే ప్రమాదకరమట అని కూడా కొందరు అంటారు. ఆ మాటకు మూలం 1978లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం. అది పోల్చింది రెండు రకాల విద్యుత్ కేంద్రాలు మామూలుగా నడుస్తున్నప్పుడు గాలిలోకి వదిలే పదార్థాలను. అణు కేంద్రంలో వాడేసిన ఇంధనంతో బూడిదను పోల్చలేదు. నోటి నుంచి నోటికి పోతూ ఆ తేడా మాయమైంది. 1997లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ బూడిదలోని యురేనియం, థోరియం మామూలు గ్రానైట్, షేల్ రాళ్ళలో ఉండే స్థాయికి దగ్గరగా ఉంటాయనీ, కలవరపడాల్సిన పని లేదనీ తేల్చింది.

లెక్క వేసి చూద్దాం

గృహనిర్మాణ సామగ్రికి ప్రపంచమంతా వాడే ఒక కొలత ఉంది. రేడియం విలువకు, థోరియం విలువను 1.43తో గుణించి, పొటాషియం విలువను 0.077తో గుణించి కలుపుతారు. వచ్చిన మొత్తం కిలోకు 370 బెకరెల్‌లు దాటకూడదు.

ఇందాక చెప్పిన మామూలు మట్టితో వేద్దాం. రేడియం 35. థోరియం 30ని 1.43తో గుణిస్తే దాదాపు 43. పొటాషియం 400ని 0.077తో గుణిస్తే దాదాపు 31. మొత్తం 109.

ఇప్పుడు ఉదాహరణకు ఒక బూడిద తీసుకుందాం. ఇవి లెక్క నేర్చుకోవడానికి పెట్టుకున్న అంకెలు, ఫలానా కేంద్రపు బూడిదవి అని అనుకోవద్దు. రేడియం 100, థోరియం 120, పొటాషియం 300 అనుకుంటే మొత్తం 295 వస్తుంది. 1999 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు మట్టి ఇటుకలు చేసేవారు బరువులో కనీసం 25 శాతం బూడిద కలపాల్సి ఉండేది. పొలాల పైమట్టిని కాపాడడం ఆ నిబంధన ఉద్దేశాల్లో ఒకటి. నాలుగో వంతు ఈ బూడిద, మూడు వంతులు ఆ మట్టి కలిపితే ఇటుక విలువ సుమారు 155. పరిమితి 370. సగం కూడా కాలేదు.

పైగా బూడిద రేణువులు గాజులా కరిగి గడ్డకట్టినవి. కాల్చిన ఇటుకా గట్టిపడినదే. అందువల్ల లోపల పుట్టిన రాడాన్‌లో బయటికి వచ్చేది కొంత భాగమే. కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే అదీ పోతుంది. మన తెలంగాణ గ్రానైట్లలో చాలావాటిలో థోరియం, పొటాషియం ప్రపంచ సగటు కంటే ఎక్కువే. అయినా వాటిని ఇష్టపడి ఇంట్లో పరుచుకుంటున్నాం. కేరళలో కరునాగప్పళ్ళి తీరాన మోనజైట్ ఇసుక వల్ల సహజ రేడియేషన్ చాలా ఎక్కువ. అక్కడ సుమారు 70 వేల మందిని ఏళ్ళ తరబడి గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ రేడియేషన్ వల్ల క్యాన్సర్లు పెరిగినట్టు కనబడలేదు.

అంటే కొలవనక్కర్లేదనా? అలా కాదు. మనం వేసిన లెక్క ఊహించిన అంకెలతో వేసింది. అసలు అంకెలు ప్రయోగశాల చెప్పాలి. మట్టిని ఆరబెట్టి, సుమారు 110 డిగ్రీల వేడిలో తేమ పోగొట్టి, పొడి చేసి జల్లించి, తూకం వేసి, గాలి చొరకుండా డబ్బాలో మూసి నాలుగు వారాలు ఉంచుతారు. ఆ లోపు రేడియం, రాడాన్, వాటి నుంచి పుట్టేవి ఒక సమతూకానికి వస్తాయి. అప్పుడు సీసపు గోడల మధ్య పెట్టి గామా కిరణాలను గంటల తరబడి లెక్కిస్తారు. మన విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాలు కొన్నిటిలో ఈ పరికరాలున్నాయి. ఓపికతో చేయాల్సిన పని ఇది. పుకారుకు ఒక్క నిమిషం చాలు. నిజానికి నాలుగు వారాలు పడుతుంది.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

ఇక రెండో ప్రశ్నకు వస్తాను. ఇటుకలో రేడియేషన్ గురించి ఇంటి యజమాని భయపడుతున్నాడు. ఆ ఇటుకను చేసిన మనిషి ఏం పీలుస్తున్నాడో ఒకసారి చూడండి.

మట్టిలో సగానికి పైగా సిలికా అని చెప్పాను. ఎండిన మట్టిని తవ్వేటప్పుడు, బూడిద దించేటప్పుడు, కాలిన ఇటుకలను బట్టీలోంచి తీసేటప్పుడు కంటికి కనబడని సన్నటి ధూళి లేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ ధూళిలోని సిలికా పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోయే సిలికోసిస్ రావచ్చు. వచ్చాక నయం కాదు. అది ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశమూ ఎక్కువే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దీన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. కానీ ఆరు నెలలు ఇక్కడ పనిచేసి ఊరికి వెళ్ళిపోయే కూలీ దగ్గు ఏ రిజిస్టరులోకి ఎక్కుతుంది? ఆసుపత్రిలో క్షయ అని మందులిచ్చి పంపేస్తే, నువ్వు ఏం పని చేస్తావు అని అడిగేవారెవరు?

బూడిద చెరువుల సంగతీ అంతే. బూడిదలో ఆర్సెనిక్, క్రోమియం, సీసం లాంటివి ఉంటాయి. నీటితో కలిపి చెరువుల్లో నిలవ చేస్తే అవి మెల్లగా భూమిలోకి ఇంకవచ్చు. ఎన్నూరు దగ్గర కొసస్థలై నీటిలో బూడిద చేరిందని జాలరులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. దాన్ని తొలగించి నదిని బాగుచేయాలని ట్రిబ్యునల్ 2022లో ఆదేశించింది. ఆ జాలరులు అడిగింది వాళ్ళ చేపల గురించి, పడవ నడిచే లోతు గురించి, తాగే నీళ్ళ గురించి. వాళ్ళ బాధ కళ్ళ ముందుంది. దాన్ని వదిలేసి కనబడని కిరణాల గురించి మాత్రమే మాట్లాడితే వాళ్ళకు మేలు చేసినట్టు కాదు.

మన తెలుగు నేల మీదా ఇదే కథ. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. అక్కడి నుంచి సింగరేణి పెరిగింది. కొత్తగూడెం, మణుగూరు, రామగుండం, మందమర్రి, భూపాలపల్లి వైపు ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన తవ్విపోసిన మట్టి గుట్టలు మీలో కొందరు చూసే ఉంటారు. రామగుండంలో పెద్ద విద్యుత్ కేంద్రం ఉంది, దాని బూడిద చెరువుంది. అదే పెద్దపల్లి జిల్లాలో ఇటుక బట్టీలు, వాటిలో ఒడిశా కూలీలు. ఇక్కడ అత్తిప్పట్టు, తిరువళ్ళూరు ఎలాగో అక్కడ రామగుండం, పెద్దపల్లి అలాగే.

ఆ కూలీ బట్టీకి ఎలా వస్తాడో కూడా తెలుసుకోండి. పంట అయిపోయాక, అప్పుల కాలంలో మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు పెళ్ళికో మందులకో అయిపోతుంది. కుటుంబమంతా బట్టీకి వస్తుంది. వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. ఈ జిల్లాలో ఇరుళర్ గిరిజనులూ ఇలా బట్టీల్లో, రైసు మిల్లుల్లో చిక్కుకున్నారు. అధికారులు వెళ్ళి కూలీలను విడిపించిన సందర్భాలు తిరువళ్ళూరులో ఒకటికి మించి ఉన్నాయి. 1976 నాటి చట్టం వెట్టిచాకిరీని రద్దు చేసింది. ఆ అప్పు కూడా చట్టం దృష్టిలో రద్దయినట్టే. కానీ ఆ సంగతి కూలీకి ఎవరు చెప్పాలి?

నిర్గమకాండము 5వ అధ్యాయం మీకు తెలుసు. ఫరో ఇటుకలు చేసేవారికి గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించనివ్వలేదు. అక్కడ ఇటుకలకు లెక్క ఉంది, మనుషుల అలసటకు లెక్క లేదు. వేల ఏళ్ళ తర్వాత కూడా బట్టీలో రోజుకు ఎన్ని ఇటుకలో రాసిపెట్టే పుస్తకం ఉంది. ఆ ఇటుకలు కోసినవాడి ఊపిరితిత్తుల గురించి రాసే పుస్తకం లేదు. కొలవడమంటే ముందు ఆ ఖాళీ పేజీని నింపడం.

మనం చేయగలిగినవి

చిన్న పనులే చెబుతాను. ఇల్లు కట్టుకునేటప్పుడు ఇటుకలో బూడిద ఎంత కలిపారు, ఏ కేంద్రం నుంచి వచ్చింది, పరీక్ష కాగితం ఉందా అని అడగండి. పదిమంది అడిగితే పదకొండో రోజున ఆ కాగితం సిద్ధంగా ఉంటుంది.

భౌతిక, రసాయన, భూగర్భ శాస్త్రాలు చదివేవారు మీలో ఉన్నారు. ప్రాజెక్టు కోసం ఎక్కడో దూరపు విషయం వెతక్కుండా మన చెరువు మట్టి, మన బట్టీ ఇటుక, బూడిద చెరువు పక్కన బావి నీరు తీసుకోండి. గైడును అడిగి సరైన పద్ధతిలో నమూనాలు తీయండి. ఫలితం వచ్చాక దాన్ని పత్రికలో అచ్చు వేయించి ఊరుకోకండి. ఆ ఊరి వాళ్ళ దగ్గరకు వెళ్ళి వాళ్ళ భాషలో చెప్పండి. ఎవరి మట్టిని తీసుకెళ్ళామో వాళ్ళకు ఆ మట్టి గురించి తెలిసే హక్కుంది.

కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నీటి పరీక్షల వివరాలుంటాయి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక సంఘంగా కూర్చుని ఆ దరఖాస్తు రాయడం కష్టమేమీ కాదు.

బట్టీకి వెళ్ళినప్పుడు బట్టలు, బిస్కెట్లు పంచి వచ్చేయకండి. మట్టి మీద నీళ్ళు చల్లుతున్నారా, పిల్లలు బడికి పోతున్నారా, ఊరికి వెళ్ళాలంటే వెళ్ళనిస్తున్నారా అని అడగండి. ముక్కుకు కట్టుకునే గుడ్డ అంత సన్నటి ధూళిని ఆపలేదని చెప్పండి. దగ్గుతో ఆసుపత్రికి వెళ్ళేవారికి తోడు వెళ్ళి, ఈయన బట్టీలో ఇన్నేళ్ళు పనిచేశాడని డాక్టరుతో చెప్పండి. ఆ ఒక్క మాట వైద్యాన్ని మార్చవచ్చు. వెట్టి కనబడితే కలెక్టరుకు గానీ ఆర్డీఓకు గానీ రాతపూర్వకంగా తెలపండి. విడుదల పత్రం చేతికి వచ్చేదాకా వదలకండి. కూలీలకు తమిళం రాదు, తెలుగు రాదు. వాళ్ళ తరఫున నాలుగు వాక్యాలు రాసిపెట్టే మనిషి కావాలి. ఆ మనిషి మీరు కావచ్చు.

చివరగా ఒక్క మాట. అబద్ధపు భయంతో మొదలైన ఉద్యమం నిలవదు. ఎదుటివాడు ఒక్క పరీక్ష కాగితం చూపిస్తే కూలిపోతుంది, దానితోపాటు నిజమైన ఫిర్యాదు కూడా కొట్టుకుపోతుంది. బూడిద ఇటుకలో రేడియేషన్ అని కేకలు వేసి, రేపు అది తప్పని తేలితే, సిలికోసిస్ గురించి మనం చెప్పే నిజాన్ని ఎవరు నమ్ముతారు? అందుకే మనం పేదవారి పక్షాన నిలబడేటప్పుడు మన లెక్క ఇంకా సరిగ్గా ఉండాలి. త్రాసు మోసం చేయకూడదని లేఖనాలు వర్తకులకు చెప్పాయి. ఆ మాట ఉద్యమకారులకూ వర్తిస్తుంది.

ఈ సాయంత్రం ఇళ్ళకు వెళ్ళేటప్పుడు రైలు కిటికీలోంచి బట్టీ పొగగొట్టాలు కనబడతాయి. వాటి కింద ఉన్నవారి గురించి మీ ఇంట్లో ఈ రాత్రి మాట్లాడండి. వచ్చే సమావేశానికి ఒక్కొక్కరు ఒక్క నిజమైన వివరం కొలిచి తీసుకురండి.